తీసేసిన ఎనిమిది లైన్లు

మార్చి 3

చెల్లాయీ,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో "మనకింకెంత కాలం ఉందని అన్నయ్యా" అన్న మాట నాలుగుసార్లు రాశావు. పత్రికలో పనిచేసిన కళ్ళు, లెక్కపెట్టకుండా ఉండలేవు. ఒకసారి రాస్తే అది బాధ. నాలుగుసార్లు రాస్తే నినాదం.

ఈ మధ్య ఆ మాట అందరి నోటా వింటున్నాను. మా భవనం లిఫ్టులో సంఘం కార్యదర్శి ఒక అట్ట అంటించాడు: "జీవితం చిన్నది. ఎదురైన వాళ్ళను చూసి నవ్వండి." అప్పట్నుంచీ నాలుగో అంతస్తులో దిగేలోపు నన్ను చూసి కనీసం ఇద్దరు పళ్ళికిలిస్తున్నారు. కింది అంతస్తు ఇంజనీరు మరీ ఘోరం. నెల కిందటి దాకా నా పైపు నీళ్ళు అతని గోడలోకి దిగుతున్నాయని రోజూ పోట్లాడేవాడు. ఏదో ఆదివారం తరగతికి వెళ్ళొచ్చాడు. అక్కడ కళ్ళు మూసుకుని ఎవరి చావు వాళ్ళని ఊహించుకోమన్నారట. ఇతను ఊహించుకున్నాడు. ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, మనమంతా నాలుగు రోజుల అతిథులం" అన్నాడు. "అయితే ఆ నాలుగు రోజులైనా నా చెయ్యి వదిలెయ్" అన్నాను. దానికీ నవ్వాడు. పోట్లాడినప్పుడే నయం, మనిషిలా ఉండేవాడు.

ముప్పై నాలుగేళ్ళు పత్రికలో మరణవార్తలు రాసి బతికినవాణ్ణి. ఆఫీసులో నన్ను "యముడి గుమాస్తా" అనేవాళ్ళు. చావు మనిషిని మంచివాణ్ణి చెయ్యదు, మంచివాడన్న పేరు మాత్రం ఇప్పిస్తుంది. పెళ్ళాన్ని తన్నినవాడు ఆదర్శ గృహస్థు అయిపోతాడు. ఎదుటివాడి అన్నం లాక్కున్నవాడు దానశీలి. కొడుకులు నా బల్ల ముందు చేతులు కట్టుకుని, "కాస్త మంచిగా రాయండి సార్" అనేవాళ్ళు. ఆ ముసలాయన బతికుండగా గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చారా అని అడగాలనిపించేది. అడగలేదు, రాసిచ్చాను. ఇక పుస్తకాలంటావా, పన్నెండు బీరువాలు చదివాను. జీవితం చిన్నదని చెప్పని మహానుభావుడు లేడు. ఆ ముక్క చెప్పడానికి ఒక్కొక్కడూ ఆరువందల పేజీలు తీసుకున్నాడు.

ఇక నీ చిన్నన్నయ్య సంగతి. ఊపిరితిత్తులు పాడయ్యాయి, డాక్టర్లు పెదవి విరిచారు, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఒక్కసారి వెళ్ళి చూసి రా అంటావు. వాడు నీకు చిన్నన్నయ్య. నాకు తమ్ముడని జనాభా లెక్కలవాళ్ళు రాసుకున్నారు. మా ఆఫీసులో మాత్రం అందరికీ "కత్తెర". పేజీలు కట్టేవాడు. చోటు చాలకపోతే వార్త కోసేవాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట, నీ వదిన పోయిన రోజు, నేను ఏడుస్తూ కూర్చోలేదు. ఆఫీసుకెళ్ళి నా బల్ల దగ్గర కూర్చుని ఆమె గురించి పదకొండు లైన్లు రాశాను. ముప్పై నాలుగేళ్ళలో నేను రాసిన ఒకే ఒక్క నిజమైన మరణవార్త అది. మర్నాడు పొద్దున్న పత్రిక తెరిస్తే మూడు లైన్లున్నాయి. మిగతా ఎనిమిది లైన్ల చోట ఒక చెప్పుల దుకాణం ప్రకటన. కోసింది వాడు. "ఎందుకు కోశావురా" అంటే, "పేజీలో పట్టలేదన్నయ్యా" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి పేజీలో పట్టలేదు. ఒక జత చెప్పులు పట్టాయి.

వాడి గుమ్మం అప్పట్నుంచి తొక్కలేదు. ఇప్పుడు వాడు పోతున్నాడు కాబట్టి తొక్కాలంటే, అది ప్రేమ కాదు, హాజరు వేయించుకోవడం. నాకు రోత.

నీ చెవులు పని చెయ్యవు కనక ఫోను లేదు, మనకి ఉత్తరాలే గతి. ఆసుపత్రి దుప్పట్ల గదిలో, ఆ ఉతికే యంత్రాల మోతలో, ఇరవై ఎనిమిదేళ్ళుంటే చెవులు కాక ఇంకేం పోతాయి. నా కంటి ఆపరేషన్ కబుర్లు రెండో కాగితం మీద రాశాను, చూడు.

నీ పెద్దన్నయ్య

(అదే కవరులో ఉన్న రెండో కాగితం)

పత్రికారంగంలో "కత్తెర"గా పేరుపడ్డ సీనియర్ ఉద్యోగి నిన్న ఉదయం తన ఇంట్లో కన్నుమూశారు. వయసు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్ళపాటు ఇతరులు రాసింది కోసి జీవించారు. సొంతంగా ఒక్క వాక్యం రాసిన దాఖలా లేదు. సొంత వదిన మరణవార్తను చెప్పుల ప్రకటన కోసం మూడు లైన్లకు కుదించిన ఘనత ఆయనది. ఆయనకు ఒక అన్న, ఒక చెల్లెలు ఉన్నారు. అన్న సంతాపం తెలపలేదు.


మార్చి 9

పెద్దన్నయ్యా,

ఈ ఉత్తరం చిన్నన్నయ్య ఇంటి నుంచి రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నాడు. ఆ సంగతి నీకు తెలుసు. నాకే తెలియలేదు.

నీ కవరు మధ్యాహ్నం వచ్చింది. మొదటి కాగితం చదివి, నువ్వు ఎప్పట్లాగే ఉన్నావని నవ్వుకున్నాను. రెండో కాగితం తీశాను. "నిన్న ఉదయం కన్నుమూశారు" అని ఉంది. మొదటి కాగితం రాశాక మీ ఆఫీసు వాళ్ళెవరో నీకు కబురు చేసి ఉంటారనుకున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పే కబురు కూడా వార్తలా రాసే మనిషివి కదా, నాకూ అలాగే చెప్పావనుకున్నాను. కింద ఉన్న తిట్లు నా కంటికి ఆనలేదు. కన్నుమూశారన్న మాట తర్వాత ఎవరికైనా ఏం కనిపిస్తుంది?

పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి బస్సెక్కాను. పక్కింటావిడ చూసి ఆర్పిందట. నాలుగు గంటల ప్రయాణం. నా పక్క సీట్లో ఒకావిడ. నాకు వినపడదని రెండు నిమిషాల్లో గ్రహించింది, ఇంక ఏమీ అడగలేదు. ఒళ్ళో సంచి తీసి కింద పెట్టి, నా తల తన భుజానికి ఆనించుకుంది. అలా ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఆవిడ తన స్టాపు దాటిపోయినా దిగలేదని, మూడు స్టాపుల తర్వాత దిగి వెనక్కి నడుస్తుంటే తెలిసింది. ఆవిడ నువ్వు రోత పడే రకం మనిషి.

తలుపు చిన్నన్నయ్యే తీశాడు. గడ్డం నిండా సబ్బు నురగ, చేతిలో రేజరు. "ఏంటే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్?" అన్నాడు. ఆయన పెదాలు నాకు బాగా అర్థమవుతాయి. అర్థం కానిది కాగితం మీద రాస్తాడు. గడప మీదే కూలబడి నీ చీటీ అందించాను. నురగ ఆరిపోతున్నా పట్టించుకోకుండా కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"వయసు తప్పు," అన్నాడు. "నాకు డెబ్బై మూడే. అన్నయ్య ఎప్పుడూ నాకొక ఏడాది ఎక్కువే వేస్తాడు."

"నీకు కోపం రాలేదా?" అన్నాను.

"ఆఖరి వాక్యం బాగుందే. ఒక్క లైను పొడుగైంది. సొంతంగా ఒక్క వాక్యం రాయలేదన్న ముక్క తీసేస్తే సరిపోతుంది. అది నిజమే గానీ, వార్త కాదు."

అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయి, ఆ దగ్గు పావుగంట ఆగలేదు. వీపు రాస్తూ కూర్చున్నాను. చేతికి ఎముకలే తగిలాయి.

అన్నయ్యా, ఏం మనిషివి నువ్వు? బతికున్న తమ్ముడికి ముందే రాసిపెట్టి, దాన్ని నాకు పోస్టులో పంపుతావా? రాను అని రాస్తే సరిపోయేది. శవం లేని చావుకి నన్ను నాలుగు గంటలు ఏడిపించావు.

ఆయన మంచం మీద కొత్త దుప్పటి ఉంది. ఎవరో చూడటానికి వచ్చినవాళ్ళు తెచ్చారట. గంజి కూడా వదల్లేదు. వీపంతా ఎర్రగా కందిపోయింది. బీరువా వెతికి, అరిగిపోయిన పాతది తీసి పరిచాను. అరగంటలో నిద్రపోయాడు. కొత్త దుప్పటి నలభై ఉతుకులు పడితే గానీ మంచం పట్టిన మనిషికి పనికిరాదు. మా ఆసుపత్రిలో కొత్తవి జ్వరాల వార్డుకి పంపేదాన్ని, ఇంక లేవరన్న వాళ్ళకి పాతవి. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్న పద్ధతి. నువ్వు పన్నెండు బీరువాలు చదివావు. నేను చదివింది ఒక్క దుప్పట్ల బీరువా.

డాక్టరు నెల అన్నాడు. మహా అయితే దాని మీద ఇంకో పది రోజులు. నువ్వు లెక్కపెడతావు కనక ఆ మాట ఒక్కసారే రాస్తున్నాను: మనకింకెంత కాలం ఉంది?

చెల్లాయి


మార్చి 14

చెల్లాయీ,

నువ్వు తిట్టినవన్నీ న్యాయమే, ఒక్కటి తప్ప. ఆ చీటీ కావాలని పంపలేదు. ఆఫీసు వదిలేటప్పుడు తెచ్చుకున్న పొడుగు చీటీల కట్ట నా దగ్గర ఇంకా ఉంది. ఉత్తరాలైనా, మరేదైనా వాటి మీదే రాస్తాను. నీకు రాసిన రెండో కాగితం భూతద్దం కింద ఉండిపోయింది. దాని పక్కనున్న చీటీ కవరులోకి వెళ్ళింది. ఒక కన్ను కట్టు కింద ఉన్నవాడు చేసిన పొరపాటు. నిన్ను అంతసేపు ఏడిపించినందుకు నామీద నాకే ఏవగింపుగా ఉంది. ఇదొక్కటి రాయడానికి మూడు చీటీలు చింపాను.

కానీ ముందే రాసిపెట్టడాన్ని తప్పంటే ఒప్పుకోను. మా పనిలో అది దోషం కాదు, పద్ధతి. పేరున్నవాళ్ళవి బతికుండగానే రాసి డ్రాయర్లో పెడతాం. "నిన్న" అనే రాస్తాం, ఎందుకంటే ఆ చీటీ అచ్చయ్యే రోజుకి అది నిన్నే అవుతుంది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఇంట్లోవాళ్ళందరివీ రాసిపెట్టాను. నీది కూడా ఉంది. బాగానే రాశాను, కంగారుపడకు.

ఇప్పుడు నీ చిన్నన్నయ్య నవ్వు గురించి. ఆ నురగా, ఆ చమత్కారం, ఆ క్షమా, అంతా చదివాను. ఊపిరి నిండుగా ఉన్నన్నాళ్ళూ కత్తెర, ఊపిరి తగ్గగానే సాధువు. రేపు పరీక్ష అనగా పుస్తకం తెరిచినవాడి చదువు అది. ఇలాంటి మంచితనాలు నేను వేలల్లో చూశాను. ఆఖరి నెలలో అన్నలకి ఉత్తరాలు రాసినవాళ్ళు, ఆఖరి వారంలో కోడళ్ళని పొగిడినవాళ్ళు. చావు బెత్తం పట్టుకుని నిలబడితే గానీ దయ గుర్తురాని వాళ్ళ దయ ఎవరికి కావాలి?

మా ఇంజనీరు ఇంకో మెట్టెక్కాడు. నా కంటికి కట్టు చూసి, రోజూ పొద్దున్నే పత్రిక తెచ్చి చదివి పెడుతున్నాడు. ఏదో కావాలి అతనికి. ఏమిటో ఇంకా అంతు చిక్కలేదు. పైగా తప్పులు చదువుతాడు.

ఆ ఎనిమిది లైన్లలో ఏముందో నీకు తెలీదు చెల్లాయీ. అక్షరం అక్షరం నాకూ గుర్తులేదు, పంతొమ్మిదేళ్ళయింది. కానీ ఆమె ఎలాంటి మనిషో అంతా అందులో ఉంది. ఎలా నవ్వేదో, ఎలా ఓర్చుకుందో. ఆ లైన్లు అచ్చయి ఉంటే, ఆమెను ఎరగనివాడు కూడా ఆ పొద్దున ఒక నిమిషం ఆగేవాడు. ఆ నిమిషాన్ని వాడు చెప్పుల దుకాణానికి ఇచ్చాడు. నమ్మకపోతే అడుగు వాణ్ణి. ఇప్పుడు సాధువయ్యాడు కదా, అబద్ధం ఆడడు. పేజీలో ఎందుకు పట్టలేదో చెప్పమను.

నీ పెద్దన్నయ్య


మార్చి 20

పెద్దన్నయ్యా,

అడిగాను.

మొదట, "చోటు లేదే, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నాడు. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, నాకు పెదాలు కనపడకుండా కిటికీ వైపు తిరిగాడు. "నాకు చెవుల్లేవు గానీ కళ్ళున్నాయి. నిజం చెప్పు" అన్నాను. తన పాత కళ్ళజోడు పెట్టె తెమ్మన్నాడు. లోపలి మెత్తటి గుడ్డ కింద, నాలుగు మడతలు పెట్టిన పొడుగు చీటీ ఉంది. నీ దస్తూరీ. ఎనిమిది లైన్ల మీద ఆయన నీలం పెన్సిలు గీత.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, కొంత నోటితో చెప్పాడు, దగ్గొచ్చినప్పుడు కాగితం మీద రాశాడు.

"వదిన పోవడానికి పది రోజుల ముందు నన్ను పిలిచిందే. అన్నయ్య మందుల కోసం కిందికెళ్ళాడు. 'మరిదీ, నేను పోతే నా గురించి మీ అన్నయ్యే రాస్తారు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అంతా రాస్తారు. ఆయనకి ఏడవడం రాదు, కోపం ఒక్కటే వచ్చు. నా పేరు కింద ఆయన తిట్లు అచ్చు కాకుండా చూడు. మనిషికి దొరికేదే కాస్త చోటు. ఆ కాస్త చోటులో ఎవర్నీ నొప్పించొద్దు' అంది. సరేనన్నాను. వదిన అన్నట్టే రాశాడు. నేను అన్నట్టే తీసేశాను. ఖాళీ వదిలితే అనుమానం వస్తుందని ఆ చెప్పుల ప్రకటన నేనే వెతికి తెచ్చి పెట్టాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే కోపం వదిన మీదికి పోతుంది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకుని అన్నయ్య ఎలా బతుకుతాడే? నా మీదుంటేనే నయం. నేను బతికున్నాను, తిట్టించుకోగలను."

అంతే అన్నాడు. తర్వాత అలిసిపోయి అటు తిరిగి పడుకున్నాడు. ఇది నీకు చెప్పినందుకు నన్నే కోప్పడతాడు. ఆఖరి నెలలో నేర్చుకున్న మంచితనం అని రాశావు కదా. దానికి పంతొమ్మిదేళ్ళు అన్నయ్యా. లెక్క నీకు బాగా వచ్చు.

చీటీ నేను చదివాను. నా గురించి రెండు లైన్లున్నాయి. బాగానే రాశావు.

అవి అబద్ధమని అనను. నువ్వు రాసినట్టే, అదే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ ఒక్క పూటైనా వదిన మంచం పక్కన నేను కూర్చోలేదు. నువ్వు అక్కడే ఉండేవాడివి. నన్ను చూస్తే, డాక్టర్లు, నర్సులు, నేను, మొత్తం ఆసుపత్రి కలిసి ఆమెను చంపుతున్నామని అరిచేవాడివి. ఆవిడ కళ్ళు మూసుకునేది. అందుకని పొద్దున్నే నువ్వు టీకి వెళ్ళే ఇరవై నిమిషాల్లో వచ్చేదాన్ని. పనికిరావని పక్కన పెట్టిన వాటిలోంచి బాగా మెత్తబడ్డ దుప్పటి ఒకటి దాచి ఉంచి, అది పరిచి, ముందు రోజుది తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. నలభై మూడు రోజులు. వదిన ఒకసారి దాన్ని చేత్తో నిమిరి, "ఇదేంటమ్మాయ్, పసిపిల్ల బుగ్గలా ఉంది" అంది. నీకు చెప్పొద్దని కూడా అంది. చెబితే నా మీద చీటీ రాసి పై అధికారికి పంపుతావని నవ్వింది. ఆవిడకి నువ్వంటే ఎంత ఇష్టమో, నువ్వంటే అంత భయం.

ఆదివారం నేను మా ఇంటికి వెళ్ళక తప్పదు. కూతురు ఉద్యోగానికి పోతుంది, పిల్లలకి పరీక్షలు. ఇక్కడికి రోజూ ఒక గంట నర్సు వచ్చి వెళ్తుంది. మిగతా ఇరవై మూడు గంటలు ఆయనా, ఆ దగ్గూ.

చీటీ ఇందులో పెట్టాను. ఈసారి కావాలనే.

రమ్మని ఇంక రాయను.

చెల్లాయి


మార్చి 25

చెల్లాయీ,

చీటీ అందింది. దస్తూరీ నాదే.

డ్రాయరు తెరిచి నీ మీద రాసినది తీసి చదివాను. బాగానే రాశానని నీకు రాశాను కదా. అందులో కూడా ఆ రెండు లైన్లే ఉన్నాయి. చింపేశాను.

ఇంకేమీ రాయలేను.

అన్నయ్య


ఏప్రిల్ 7

చెల్లాయీ,

వాడి ఇంటి నుంచి రాస్తున్నాను. వచ్చి పది రోజులైంది. ఇంత రోత కొంప నా జన్మలో చూడలేదు. గోడలకి మందుల వాసన, తువ్వాలుకి సబ్బు వాసన, వాడికి వాడి వాసన. కుళాయి ముక్కుతుంది, వాడు మూలుగుతాడు, రెండింటికీ తేడా తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. టీ జుర్రుకుంటూ తాగుతాడు. డెబ్బై మూడేళ్ళొచ్చినా చప్పుడు చెయ్యకుండా తాగడం రాలేదు. నర్సు వస్తుంది, "తాతగారూ, ఇవాళ ఎంత బాగున్నారో" అంటుంది. వాడు బాగాలేడు. అబద్ధానికి కూడా ఒక హద్దుండాలి.

బస్టాండు దాకా ఇంజనీరు కారులో దింపాడు. లిఫ్టులో నా మొహం చూసి ఈసారి నవ్వలేదు. సంచి అందుకుని, "ఎవరికి బాగాలేదు?" అన్నాడు. "తమ్ముడికి" అన్నాను. అతనికి నా దగ్గర ఏం కావాలో ఇంకా తెలియలేదు. ఏమీ అక్కర్లేదేమో. ఆ ఆలోచన నాకు నచ్చలేదు, కానీ రాస్తున్నాను.

తలుపు తట్టాను. చాలాసేపటికి గోడ పట్టుకుంటూ వచ్చి తీశాడు. పంతొమ్మిదేళ్ళకి మేం మాట్లాడుకున్నది ఇది.

"ఎందుకొచ్చావ్?"

"నీ వయసు దిద్దడానికి."

"డెబ్బై మూడు."

"తెలుసు. చెల్లాయి రాసింది."

"అయితే పనైపోయింది కదా. చెప్పులు బయట విడిచి లోపలికి రా. ఇల్లు తుడిచే దిక్కు లేదిక్కడ."

క్షమించమని నేను అనలేదు, క్షమించానని వాడూ అనలేదు. అలాంటి మాటలు అంటే ఇద్దరం సిగ్గుతో చచ్చేవాళ్ళం. గది తుడిచాను.

ఆ చీటీ గురించి నీకు చెప్పాలి. నువ్వు చదివావు, కానీ నేను చదివినట్టు చదివి ఉండవు. పంతొమ్మిదేళ్ళు ఆ ఎనిమిది లైన్లలో ఆమె ఉందని ప్రపంచమంతా తిరిగి చెప్పుకున్నాను. అందులో ఆమె లేదు. డాక్టరు మీద రెండు లైన్లు. చూడటానికి రాని ఆమె అన్నల మీద మూడు. నీ మీద రెండు. "ఆమె భర్త ఎవరినీ క్షమించలేదు" అని ఆఖరిది, నా మీద. నీ వదిన గురించి నేను రాసినవి మూడే లైన్లు. పేరూ, కన్నుమూశారనీ ఒకటి. వయసు ఒకటి. "ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ చేతిలో పని అందుకుని గానీ మాట మొదలుపెట్టేది కాదు" అన్నది ఒకటి.

వాడు ఆ మూడూ ఉంచాడు. ఆమెను ఉంచి నన్ను తీసేశాడు.

ముప్పై నాలుగేళ్ళు ఎవడెవడి మరణవార్తల్లోనో అబద్ధాలు చూసి అసహ్యించుకున్నవాణ్ణి. సొంత పెళ్ళాం పోయిన రోజున నేను చేసింది ఇది. అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడం కష్టంగా ఉంది. అందుకని ముందు వాడి గడ్డం గీస్తున్నాను. రెండుసార్లు తెగింది. "ప్రూఫు దిద్దినట్టు గీస్తావేంట్రా బాబూ, ఎర్ర గుర్తులూ నువ్వూ" అన్నాడు. అన్నయ్యనని కూడా చూడకుండా రా అన్నాడు. రెండో చెంపకి నురగ రాశాను.

మొన్న మంచం మీంచే అడిగాడు. "అందరివీ రాశావు. నీది రాసుకున్నావా?"

"లేదు."

"కాగితం ఇటివ్వు."

సొంతంగా ఒక్క వాక్యం రాయని మనిషని వాడి గురించి రాశాను కదా. పది నిమిషాలు ఆయాసపడుతూ రాసి ఇచ్చాడు. "కోపిష్టి. పిలవకుండా వచ్చాడు." అంతే. "పొడుగైందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. డ్రాయర్లో ఉన్నవన్నీ చింపేశాను గానీ, ఇది మాత్రం వాడి కళ్ళజోడు పెట్టెలో, ఆ గుడ్డ కింద పెట్టాను.

ఇక అసలు సంగతి. నువ్వు పరిచి వెళ్ళిన పాత దుప్పటి నేను చంపేశాను. ఉతికి పిండుతుంటే మధ్యకి చిరిగి రెండు ముక్కలై నా చేతుల్లోకి వచ్చింది. "అది గుడ్డ అన్నయ్యా, ఎవరి పీకో అనుకున్నావా" అని వాడు మంచం మీంచి నవ్వాడు, దగ్గాడు. వాడి బీరువాలో ఇంకో పాతది లేదు. రెండో తారీఖున బజారుకెళ్ళి దొరికినంతలో మెత్తటిది కొన్నాను. దుకాణంవాడు చాలా మెత్తన అన్నాడు. వాడి నోట్లో మన్ను. తమ్ముడి వీపు మళ్ళీ కందింది.

నలభై ఉతుకులని రాశావు. రోజుకొకటి చొప్పున నలభై రోజులు. డాక్టరు లెక్కలో అన్ని రోజులు లేవు. అందుకని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఉతుకుతున్నాను. ఆరేదాకా వాడు నా పంచె మీద పడుకుంటున్నాడు. చేతులు పగిలాయి, సబ్బు వాసనకి అన్నం సయించడం లేదు. ఇదంతా ప్రేమ అని మాత్రం నాకు రాయకు.

ఇవాళ్టికి పదకొండయ్యాయి. వేడినీళ్ళలో ఉతికితే ఆ నలభై కాస్త తగ్గుతుందేమో, ఈ ఉత్తరం అందిన పూటే రాయి.

నీ పెద్దన్నయ్య